గెట్లు పెట్టిన పళ్ళెం

పోయిన నెల ఒక శుక్రవారం మా ఆఫీసువాళ్ళందరం ఒమాన్‌లోని జబల్ అఖ్దర్ కొండ దిగువన ఉన్న హోటల్‌కు భోజనానికి వెళ్ళాం. అల్ మవాలేలో టైల్స్ అమ్మే ఒక కంపెనీలో నా ఉద్యోగం. అక్కడ నేను ఎవరైనా పలకరిస్తే నవ్వుతాను. ఫోన్ మోగితే పక్కవాళ్ళు ఎత్తేదాకా కాగితాలు సర్దుకుంటాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుంటాను. హోటల్ గుమ్మంలో నల్లకోటు వేసుకున్న అమ్మాయి "ఎంతమంది?" అని ఇంగ్లీషులో అడిగింది. అందరికంటే ముందు నడిచే దురదృష్టం ఆ రోజు నాకే పట్టింది కనుక జవాబు నేనే చెప్పాలి. నోటిదాకా వచ్చిన మాట "ఫ్యామిలీ". దాన్ని పళ్ళ వెనకే ఆపేసి, మా వాళ్ళందరినీ లెక్కపెట్టుకొమ్మన్నట్టు పక్కకు తప్పుకున్నాను.

ఆ గుమ్మంలో ఒకప్పుడు అడిగే ప్రశ్న వేరు. ఫ్యామిలీయా, బ్యాచిలరా అని అడిగేవాళ్ళు. బ్యాచిలర్ అంటే పెళ్ళికానివాడని నిఘంటువు చెబుతుంది గానీ గల్ఫ్‌లో ఆ అర్థం చెల్లదు. జగిత్యాలలో భార్య, నలుగురు పిల్లలు, ఒక కోడలు ఉన్నా సరే, ఇక్కడికి ఒంటరిగా వచ్చినవాడు బ్యాచిలరే. బ్యాచిలర్లకు ఎడమవైపు హాలు. ఇనుప బల్లలు, మూల పెద్ద చప్పుడు చేసే నీళ్ళ కూలరు, తిన్నవాడు లేవగానే కూర్చోవడానికి వెనక నిలబడ్డ ఇంకో బ్యాచిలరు. ఫ్యామిలీలకు కుడివైపు వరుసగా చిన్న చిన్న గదులు. తలుపులకు మెరూన్ రంగు తెరలు, లోపల తివాచీ, గోడకు ఆనించిన మెత్తలు, ఏసీ, పిలవడానికి గోడమీద ఒక బెల్లు. రెండు వైపులా వండేది ఒకే వంట. కాకపోతే కుడివైపు చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని, ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుని తినొచ్చు. ఆ గదిలోకి వెళ్ళాలంటే వచ్చినవాళ్ళలో ఒక ఆడమనిషి ఉండాలి. నా చిన్నతనంలో కొన్నాళ్ళపాటు ఆ ఆడమనిషిని నేను. నిండా పన్నెండేళ్ళు లేవు, కానీ నేనొక్కదాన్నే ఒక ఫ్యామిలీని.

మా బాపు అప్పుడు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరు. మా ఊరివైపు నుంచి వచ్చిన కంపెనీ మనుషుల్లో పెళ్ళాంపిల్లలను తెచ్చుకోగలిగినవాడు ఆయనొక్కడే. అందుకని మిగతావాళ్ళకు మా ఇల్లు సొంత ఊళ్ళో ఒక ముక్కలాంటిది. ఎవరికి జ్వరమొచ్చినా మా అమ్మ చారు కాచేది, ఎవరికి గుండీ ఊడినా మా అమ్మే కుట్టేది. ఒకసారి బాపు నన్నూ, ఇద్దరు స్నేహితులనూ ఆ హోటల్‌కు తీసుకుపోతే గుమ్మంలో ఉన్న మలయాళీ వెయిటరు నా రెండు జడలు చూసి మమ్మల్ని కుడివైపు పంపించాడు. ఆ స్నేహితులు తివాచీ మీద కాళ్ళు చాపిన క్షణంలో వాళ్ళ ముఖాలు నాకింకా గుర్తు. ఒక గదిలో ఎనిమిదిమంది, ఒకరి మీద ఒకరు ఇనుప మంచాల్లో పడుకునే మనుషులు వాళ్ళు. తెర పడగానే ఎవరింటికో చుట్టాలుగా వచ్చినట్టు గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వారం నుంచి మా ఇంటికి వచ్చేవాళ్ళందరూ మొదట నా క్షేమం అడిగేవారు. నాకు జలుబు చేస్తే కంపెనీ క్యాంపంతా దిగులుపడేది.

నన్ను తెరకు ఎదురుగా, బయటివాళ్ళకు కనబడేలా కూర్చోబెట్టేవారు. "నువ్వేం మాట్లాడొద్దు బిడ్డా, ఏం జెయ్యద్దు. ఊకె కనబడు. గదే నీ డ్యూటీ" అనేవాడు బాపు. చుట్టాలొస్తే బీరువా వెనక దాక్కునే పిల్లకు, బడిలో హాజరు పలకడానికి కూడా చెమటలు పట్టే పిల్లకు దేవుడు వెతికి వెతికి ఇచ్చిన మొదటి ఉద్యోగం కనబడడం.

శుక్రవారం పొద్దున్నే మా ఇంట్లో కొబ్బరినూనె, ఊదుకడ్డీ, చింతపండు వేసి తోమిన ఇత్తడి దేవుడిదీపం, అన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. బాపు తలకు నూనె పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంపెనీ డబుల్ క్యాబిన్ బండి అద్దాలు తుడిచేవాడు. అమ్మ స్టీలు డబ్బాలో టమాట తొక్కు, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ చీలికలు సర్దేది. హోటల్‌కు పోతూ ఇంటినుంచి పచ్చడి పట్టుకుపోవడం సిగ్గని నాకు అనిపించేది గానీ, ఆ డబ్బా మరిచిపోతే బండి ఎంతదూరం పోయినా వెనక్కి తిరిగేది. అమ్మ మాత్రం ఎప్పుడూ వచ్చేది కాదు. కొండ ఎక్కే ఘాటురోడ్డు పడదని చెప్పేది. హోటల్ కొండ కిందనే ఉంది, మేం ఎన్నడూ ఘాటు ఎక్కలేదు. ఎందుకు రాదో పెద్దయ్యాక అర్థమైంది. వారమంతా ఎవరెవరికో చారు కాచే మనిషికి ఇల్లు ఖాళీగా దొరికేది ఆ ఒక్కపూటే. మేం తిరిగొచ్చేసరికి ఆమె ముఖం నిద్రపోయి లేచిన పసిపిల్ల ముఖంలా ఉండేది. "అయ్యో, అప్పుడే అచ్చిండ్రా?" అనేది.

మాతో తప్పకుండా వచ్చేవాడు నర్సాగౌడ్ మామ. సైట్లో షట్టరింగ్ కార్పెంటరు. మా అమ్మను చెల్లె అన్నాడు కనుక నాకు మామ, బాపుకు బావ. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఊళ్ళో ఉన్నప్పుడు మోకు వేసుకుని తాటిచెట్లు ఎక్కి కల్లు గీసినవాడు. నిజ్వా రోడ్డు మీద బండి పోతుంటే రెండు పక్కలా ఖర్జూరం తోటలు వచ్చేవి. ఆయన కంటికి అవి ఖర్జూరాలు కావు, ఈతచెట్లకు అన్నదమ్ములు. కిటికీకి తల ఆనించి శవయాత్ర చూస్తున్నట్టు చూసేవాడు. "ఇన్ని చెట్లున్నయ్ బావా. ఒక్కదానికి కల్లులొట్టి గట్టలే. ఉత్త పండ్లకోసమే పెంచుతున్నరు" అనేవాడు. బాపు స్టీరింగ్ మీదనుంచి చెయ్యి తియ్యకుండానే "మెల్లగ, బయట ఇనబడితే లోపలేస్తరు" అనేవాడు.

కొండ మీద దానిమ్మలు, ద్రాక్షలు పండుతాయి. ద్రాక్షతోటలున్న కొండల దగ్గరి హోటళ్ళకు వేరే దేశాల్లో జనం ఎక్కడెక్కడినుంచో వస్తారనీ, గ్లాసు పైకెత్తి వెలుతురులో రంగు చూస్తారనీ, ముక్కు దగ్గర పెట్టుకుని ఏవేవో పూల పేర్లు చెబుతారనీ తర్వాత పుస్తకాల్లో చదివాను. ద్రాక్ష కాలంలో మా హోటల్‌వాళ్ళు కూడా ఫ్యామిలీలకు తలా ఒక గ్లాసు ద్రాక్షరసం ఊరికే ఇచ్చేవారు. అది ఉత్త రసం, పొద్దున పిండింది. నర్సాగౌడ్ మామ కూడా గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసేవాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పూల పేర్లు చెప్పేవాడు కాదు. "గీన్ని ఓ నాల్గొద్దులు మూలకువెట్టి మర్శిపోవాలె" అని నిట్టూర్చి ఒక్క గుక్కలో తాగేసేవాడు.

అక్కడ తిండి పెట్టే తీరే మావాళ్ళకు మొదట్లో పెద్ద సమస్య. నేలమీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, బండిచక్రమంత పళ్ళెం ఒకటే తెచ్చి మధ్యలో పెడతారు. కింద కిస్‌మిస్‌లు చల్లిన అన్నం, పైన షువా, అంటే మసాలా పట్టించి, ఆకుల్లో చుట్టి, గుంటలో నిప్పుల మీద మగ్గబెట్టిన మేకమాంసం. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తినాలి. మావాళ్ళకు మాంసం మీద ఎంత ప్రేమో ఎంగిలి మీద అంత భయం. అడిగితే వేరే ప్లేట్లు ఇస్తారు. కానీ ఫ్యామిలీ అని చెప్పి లోపలికి వచ్చి వేరే ప్లేట్లు అడిగితే దొరికిపోతామని బాపు భయం. అందుకని ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎవరూ చెయ్యి పెట్టకముందే చూపుడువేలితో అన్నంలో గీతలు గీసి, పొలానికి గెట్లు పెట్టినట్టు వాటాలు వేసేవాడు. ఎవరి చెక్కలో వాళ్ళు తినాలి. మధ్యనున్న మాంసం ఊరుమ్మడిది, దాన్ని చెంచాతోనే తియ్యాలి. "నా గెట్టు జరిపినవ్" అని ఒకరు, "నీ దిక్కు కిస్‌మిస్‌లు ఎక్కువున్నయ్" అని ఇంకొకరు, ఊళ్ళో ఎకరాలకు పడాల్సిన కొట్లాటలన్నీ ఆ పళ్ళెంలో పడేవారు. తెర అవతలినుంచి చూసే వెయిటరుకు మాత్రం అన్నంలో ముగ్గులు వేసుకుని తినే వింత ఫ్యామిలీ కనబడేది. అతనికి మా సంగతి మొదటిరోజే తెలిసిపోయి ఉంటుంది. ప్రతిసారీ కొత్త మొహాలు తోడవుతుంటే నా వంక చూసి "ఫ్యామిలీ బడా హో గయా" అని, మీ ఇల్లు పెద్దదైందే అన్నట్టు ముసిముసిగా నవ్వేవాడు.

ఆ ఏడాదే ఓబులమ్మ మా వంటింట్లోకి వచ్చింది. మా బిల్డింగు పక్కనున్న ఒమానీ ఇంట్లో పనిచేసేది. కడప దగ్గర పల్లె ఆమెది. మొదట కరివేపాకు కోసం వచ్చింది, ఆ తర్వాత తెలుగు మాట కోసం. అమ్మకు ఆమె మాట వింత, ఆమెకు అమ్మ మాట వింత. "మీ పచ్చడిలో ఉప్పు ల్యాకపాయె" అని ఆమె అంటే "నీకు నాలికె ఉన్నదా, చెప్పు తోలున్నదా?" అని అమ్మ అనేది. అయినా ఓబులమ్మ డబ్బా ఖాళీ చేసిగానీ లేచేది కాదు. భర్త తాగి తాగి పోయాడని, అత్తవారు తనను వద్దన్నారని, తానే పాస్‌పోర్టు చేయించుకుని వచ్చేశానని బియ్యం ఏరుతూ మామూలుగా చెప్పేది. బాపు ఆమెను చెల్లె అన్నాడు, ఆమె బాపును అన్న అంది.

ఒకరోజు నర్సాగౌడ్ మామ మా వంటింటి తలుపు సరిచెయ్యడానికి వచ్చాడు. ఓబులమ్మ ఆయన పని కాసేపు చూసి, "ఏమప్పా, తలుపు బిగిస్తాండావా, దానికి తల దువ్వుతాండావా?" అంది. మామ ఇంకో స్క్రూ బిగించాడు. కానీ ఆ తర్వాత మా ఇంట్లో తలుపులు, కిటికీలు, అల్మారాలు ఒకటొకటిగా పాడవడం మొదలైంది. అవన్నీ ఓబులమ్మ వచ్చే పూటే పాడయ్యేవి. అమ్మ చివరకు "అన్నా, ఇగ ఇంట్ల ఇరగ్గొట్ట శెక్క లేదు. ఏమన్న ఉంటే నోటితోని శెప్పు" అంది. మామ స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బాపుకు బావ, బాపుకు చెల్లె. వరసలు ఏనాడో కుదిరి కూర్చున్నాయి, మనుషులకే నోరు రాలేదు.

ఇంతలో ఓబులమ్మ ఒక కబురు తెచ్చింది. ఆమె మేడమ్‌వాళ్ళు ఇల్లు ఖాళీచేసి ఖబూరాలో వాళ్ళ తండ్రిగారి తోటకు మారిపోతున్నారు. ఆమె కూడా పోవాలి. ఈ ఊళ్ళో ఆమెకు మిగిలింది ఒక్క శుక్రవారం. బాపు లెక్క తేల్చేశాడు. ఆ శుక్రవారం మామ అడగాలి, లేకపోతే ఇక ఎప్పటికీ అడగలేడు. మగమనిషి, ఆడమనిషి కూర్చుని మాట్లాడుకోవాలంటే ఎక్కడ? క్యాంపులో కుదరదు, మేడమ్ ఇంట్లో కుదరదు, మా ఇంట్లో మామకు నోరు లేవదు. ఫ్యామిలీ గది ఒక్కటే దారి. నిజమైన ఆడమనిషి వస్తోంది కనుక నా ఉద్యోగం పోయిందని లోలోపల సంతోషించాను. అమ్మ ఒప్పుకోలేదు. "పిల్లను తీస్కపోండ్రి. ఆమె ఒక్కతి, మీరు ముగ్గురు మొగోళ్ళు. మంచిగుండది" అంది. మరి నువ్వే రావచ్చు కదా అని బాపు అంటే, "నాకు ఘాటు పడది" అంది.

ఆ మూడో మగవాడు గంగారాం కాక, కంపెనీ ఎలక్ట్రీషియను. పిలవకుండానే వస్తానన్నాడు. ఆ రోజు బండిలో ఆయనొక్కడే మాట్లాడాడు. వెనక సీట్లో నేను మధ్య, అటు కాక, ఇటు ఓబులమ్మ. ఆమె మేడమ్ ఇచ్చిన పట్టు చున్నీ వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ముందు సీట్లో మామ నిజ్వాదాకా ఒక్క చెట్టు వంకా చూడలేదు. ఆయన మెడ వెనక పౌడరు కనబడుతోంది.

గదిలో కూర్చున్నాక గంగారాం కాక బాపు చెవిలో ఏదో చెప్పాడు. బాపు తలూపాడు. షువా పళ్ళెం వచ్చింది, ద్రాక్షరసం గ్లాసులు వచ్చాయి, అమ్మ తొక్కు డబ్బా తెరిచాం. అలవాటు ప్రకారం నేను బాపు వేలి వంక చూశాను. వేలు కదలలేదు.

"ఇయ్యాల గెట్లు లేవు" అన్నాడు కాక గర్వంగా. "ఇయ్యాల అందరం ఒక్కింటోళ్ళం. తిను చెల్లె, షురు జెయ్యి."

ఓబులమ్మ ముందుకు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పళ్ళెం వంక చూసింది, ముగ్గురు మగవాళ్ళ వంక చూసింది.

"ఇదెవురి తెలివి?" అంది.

బాపు తొక్కు డబ్బా మూత వెతకసాగాడు.

"అన్నా, నిన్నే అడిగేది. మా పక్క ఆడా మగా ఒకే పళ్ళెంలో కలిసి తినేది ఎప్పుడో తెల్సునా నీకు? పెండ్లిలో. తాళి కట్టినాక పెండ్లికొడుకునీ పెండ్లికూతుర్నీ కుచ్చోబెట్టి, చుట్టూ చుట్టాలు కుచ్చోని, బువ్వం పెడతారు. నన్ను అడక్కుండా, చెప్పకుండా బువ్వానికి కుచ్చోబెడితిరే!"

బాపు చేతులు అడ్డంగా ఊపాడు. "అయ్యో చెల్లె, గదేం లేదు. ఈడ అందరు గిట్లనే తింటరు. ఆ పక్క రూముల సూడు."

"ఆ పక్క రూములో ఆయమ్మను పెండ్లి చేసుకునేదానికి పిల్చుకోని రాల్యా కదన్నా. నన్ను పిల్చుకోనొస్తిరి. నాకు తెలీదా? ఇంట్లో తలుపులన్నీ ఊడిపోతాంటే నాకు తెలీదా?"

గంగారాం కాక జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెయిటరు తెర పక్కకు జరిపి "ఫ్యామిలీ, కుచ్ చాహియే?" అన్నాడు.

అంతసేపూ తల దించుకున్న నర్సాగౌడ్ మామ తలెత్తాడు. "ప్లేట్లు. అలగ్ అలగ్" అన్నాడు.

"ఫ్యామిలీ మే అలగ్ క్యోం?" ఒకే ఇంటివాళ్ళకు వేరువేరు ఎందుకని వెయిటరు నవ్వాడు. మామ ముఖం చూసి నవ్వు ఆపి, వెళ్ళి బ్యాచిలర్ల హాలులోంచి నొక్కులు పడ్డ స్టీలు ప్లేట్లు తెచ్చాడు. ఇన్నాళ్ళూ ఏ ప్లేట్లు అడిగితే దొరికిపోతామని భయపడ్డామో అవే. మామ ఇంకా ఎవరూ ముట్టని పళ్ళెంలోంచి చెంచాతో అన్నం, ఎముక లేని మంచి ముక్కలు ఒక ప్లేటులో పెట్టి, పక్కన తొక్కు వేసి ఓబులమ్మ ముందు ఉంచాడు. ఇంకో ప్లేటులో తనకింత పెట్టుకుని లేచాడు.

"నువ్వు తిను. తప్పు మాదే. నేను ఆ దిక్కు కూసుంట" అని తెర ఎత్తుకుని బ్యాచిలర్ల హాలులోకి వెళ్ళిపోయాడు.

ఎవరికోసం ఇంత దూరం వచ్చామో ఆ మనిషి లేకుండా మేం తినడం మొదలుపెట్టాం. బాపు, కాక ఎవరి ప్లేటు వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, బడిలో దెబ్బలు తిన్న పిల్లల్లా గోడవైపు తిరిగి తిన్నారు. ఓబులమ్మ నెమ్మదిగా, మెతుకు వదలకుండా తింది. ముక్కలన్నీ తింది. అమ్మ తొక్కు రెండోసారి వేసుకుని "ఈసారి ఉప్పు సరిపాయె" అంది. తర్వాత నా వంక తిరిగింది.

"పాపా, పొయ్యి ఆయప్పను పిల్చకరాపో."

నేను బాపు వంక చూశాను. బాపు గోడ వంక చూశాడు. ఆ హాలులోకి ఆడపిల్ల పోవడం నేనెన్నడూ చూడలేదు. లోపల ఎంతమంది మగవాళ్ళున్నారో తెలియదు, నేను అడుగుపెట్టగానే చేతులన్నీ నోటి దగ్గర ఆగిపోయినట్టు మాత్రం తెలిసింది. కూలరు చప్పుడు నా చెవుల్లోనే మోగింది. కనబడడం ఎంత పెద్ద పనో, తెర వెనక నేను చేసిందంతా ఎంత తేలిక డ్యూటీయో అప్పుడు తెలిసొచ్చింది. మామ చివరి బల్ల దగ్గర గోడవైపు కూర్చుని ఉన్నాడు. ప్లేటులో అన్నం అన్నంలాగే ఉంది. దగ్గరికి పోయి నిలబడ్డాను. చివరకు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగాను. "రమ్మంటుంది" అన్నాను. నా ప్రమేయం ఉన్న పెళ్ళిసంబంధాలన్నింటిలో నేను మాట్లాడిన మొత్తం మాట అదే.

మామ వచ్చి గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

"ఏదో అడగాలని పిలిపించినావంట. మంది చేత కాదు. నువ్వే అడుగు" అంది ఓబులమ్మ.

మామ చాలాసేపు తివాచీ మీద పువ్వును గోటితో గీకాడు. "నాకు షట్టరింగ్ పని అచ్చు. చెట్టెక్కుడు అచ్చు. వండుడు రాదు, నేర్సుకుంట. మాట్లాడుడు గూడ రాదు" అన్నాడు.

"తాగేది?"

"పండుగకు తాగుత. పండుగ గాకపోతే ముట్ట."

"మీ పక్క ఏడాదికెన్ని పండగలో?"

"మస్తుంటయ్" అన్నాడు గంగారాం కాక, ఉండబట్టలేక. బాపు ఆయన తొడమీద గిచ్చాడు.

మామ తన ముందున్న ద్రాక్షరసం గ్లాసును వేలితో పక్కకు నెట్టాడు. అది పొద్దున పిండిన రసం, చీమ తాగినా మత్తెక్కదు. అయినా నెట్టాడు. ఓబులమ్మ ఆ గ్లాసు వంకే చూస్తూ అంది: "నాకు ఈ దేశంలో పెద్దదిక్కంటే మా మేడమే. ఖబూరాకు వచ్చి ఆయమ్మ ముందర అడుగు. దొంగతనంగా ఒద్దు."

ఆ రోజు నా డైరీలో ఇలా ఉంది: "షువా బాగుంది. దారిలో కడుపు తిప్పింది. ద్రాక్షరసం మిగిలిపోయింది." అంతే. పెద్దయ్యాక రచయిత్రిని కావాలని అప్పటికే గట్టిగా అనుకున్న పిల్ల రాసుకున్నది అది.

చలికాలం మొదలయ్యాక బాపు, మామ, నేను ఖబూరా వెళ్ళాం. సముద్రం వాసన, ఎండబెట్టిన చేపల వాసన, చివర తోట. ఖర్జూరం చెట్ల కింద చాప వేసి మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టింది. పెళ్ళిపెద్దగా ఆమె నన్నూ బాపునూ వదిలేసి మామనే ప్రశ్నలడిగింది, సగం అరబీలో, సగం హిందీలో. చేసే పని ఏమిటంది. చెయ్యి చేసుకుంటావా అని సైగచేసి అడిగింది. మామ చెవులు పట్టుకున్నాడు. చివరకు "షరాబ్?" అంది.

మామ ఓబులమ్మ వంక చూశాడు. జవాబు ఆమే చెప్పింది.

"మాఫీ" అంది. అరబీలో లేదు, ఉండదు అని. మా జిల్లా పండుగలన్నీ ఆ ఒక్కమాటతో కొట్టుకుపోయాయి. మామ తల ఎత్తి పైనున్న ఖర్జూరపు మట్టలను ఒకసారి చూసి, నిజమేనన్నట్టు తలూపాడు.

మేడమ్ లోపలికి పోయి ఒక పళ్ళెంలో ఖర్జూరాలు, చిన్న కప్పుల్లో కహ్వా కాఫీ పంపించింది. ఆ పళ్ళెం తెచ్చింది ఓబులమ్మే. తెచ్చి తనకూ మామకూ మధ్య చాప మీద పెట్టి కూర్చుంది. ఒక పండు తీసుకుని తిని, గింజ అరచేతిలో పెట్టుకుని, పళ్ళెం ఆయనవైపు జరిపింది. ఆయన ఒకటి తీసుకున్నాడు. ఆమె ఇంకొకటి తీసుకుంది. బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకుని సముద్రం ఎటువైపుందో చూడసాగాడు, అక్కడినుంచి సముద్రం కనబడకపోయినా.

పెళ్ళి ఆమె ఊళ్ళో జరిగింది. నాకు పరీక్షలు, అమ్మకు మళ్ళీ ప్రయాణం పడలేదు. బాపు ఒక్కడే సెలవు పెట్టి వెళ్ళొచ్చాడు. వచ్చి చెప్పిన కథల్లో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునేది ఒక్కటే. తాళి కట్టాక బువ్వం పెట్టారట. పెద్ద పళ్ళెంలో అన్నం, నెయ్యి, పప్పు. చుట్టూ ఆమె తరఫు చుట్టాలు, ఈ వైపు బాపు. అందరూ మొదలుపెట్టమంటుంటే నర్సాగౌడ్ మామ, ఒమాన్ అలవాటుకొద్దీ, చూపుడువేలు పెట్టి అన్నంలో సర్రున ఒక గెట్టు గీశాడట. ఓబులమ్మ పదిమందిలో ఆయన చేతిమీద ఫట్టున ఒక్కటి వేసి, "ఇంగా గెట్లేందయ్యా!" అందట. ఇప్పుడు జగిత్యాల దగ్గర ఉంటున్నారు. వాళ్ళ ఇంట్లో తలుపులన్నీ బాగున్నాయట. పండుగలకు మాత్రం మాఫీయే.

పోయిన నెల ఆ హోటల్లో తెరలు లేవు, గదులు లేవు. గోడలు కొట్టేసి అంతా ఒకటే అద్దాల హాలు చేశారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, బ్యాచిలర్లు, ఫ్యామిలీలు ఎవరికిష్టమైన చోట వాళ్ళు కూర్చుంటున్నారు. చూడడానికి బాగుంది. నేను ఏ కాలంలోనైనా ఓటు వేసేది దానికే. ఎవరి గిన్నె వాళ్ళకు, ఎవరి చెంచా వాళ్ళకు ఇస్తున్నారు, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు. గెట్లు ఇప్పుడు వేలితో గీసుకునే శ్రమ లేదు, కంపెనీలోనే పోతపోసి వస్తున్నాయి.

డబ్బు కట్టే బల్ల వెనక కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక మనిషి మా వంక చూస్తూనే ఉన్నాడు. ఉన్నట్టుండి లేచి, హాలంతా వినబడేలా "అరే, ఫ్యామిలీ!" అని కేక వేశాడు. పాత వెయిటరే. మా ఆఫీసువాళ్ళందరి తలలూ నావైపు తిరిగాయి. నాకు జడలు లేవు, అయినా ఎలా గుర్తుపట్టాడో. మిగతా ఫ్యామిలీ ఏదని హిందీలో అడిగాడు. తడబడుతూనే చెప్పాను, ఇద్దరికి పెళ్ళయిందని, పెళ్ళిపళ్ళెంలో గెట్టు గీస్తే దెబ్బ పడిందని. అతను బల్లమీద చేత్తో కొట్టి నవ్వాడు. లోపలికి పోయి, ఎక్కడ దాచారో, బండిచక్రమంత పాత పళ్ళెం ఒకటి బయటికి తీయించి, షువా నింపి మా బల్లమీద పెట్టించాడు.

మా ఆఫీసువాళ్ళు దాన్ని ఫోటోలు తీశారు. ఆ తర్వాత ఎలా తినాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరికి ఎంగిలి, ఒకరికి సిగ్గు, ఒకరికి ఏదో ఎలర్జీ. నేను చూపుడువేలు చాచి అన్నంలో గీతలు గీశాను. ఇది మీది, ఇది మీది, మాంసం అందరిదీ, చెంచాతోనే తియ్యాలి అని గట్టిగానే చెప్పాను. ఆఫీసులో చేరాక నేను ఒక్కసారే అంత మాట్లాడడం అదే మొదలు. ఆఖరి గెట్టు గీశాక వేలు అన్నంలోనే ఉంచి ఒక్క క్షణం ఆగాను, ఎవరైనా ఫట్టున చేతిమీద కొడతారేమోనని.

ఎవరూ కొట్టలేదు. అందరూ ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పి, ఎవరి చెక్కలో వాళ్ళు తిన్నారు.